లాగే బరువు, ఆపే బరువు

ట్రాక్టర్ కొనడానికి షోరూంకు పోయిన రైతు మొదట అడిగేది హెచ్‌పీ లెక్క. నలభై అయిదా, యాభయ్యా? లోడుతో కాలువ గట్టు ఎక్కుతుందా? ఇంగ్లండులోనో అమెరికాలోనో కారు వెనక కారవాన్ తగిలించుకుని పిల్లలతో ఊళ్లు తిరగాలనుకునే మనవాళ్లు అడిగేదీ అదే: ఈ కారు ఎంత లాగుతుంది? (ఇక్కడ కారవాన్ అంటే సినిమావాళ్ల షూటింగుల దగ్గర కనిపించే బస్సులాంటిది కాదు. దానికి ఇంజను ఉండదు. కారు వెనక హుక్కుకు తగిలించే చక్రాల ఇల్లు.) ఈ ప్రశ్నకు జవాబు దొరకడం తేలిక, ఎందుకంటే అమ్మేవాళ్లు పెద్ద అక్షరాలతో అచ్చు వేసేది ఆ అంకెనే. కానీ తక్కువ గేరులో మెల్లగా పోతే ఇంజను దాదాపు దేన్నయినా కదిలిస్తుంది. కదిలిన దాన్ని బ్రేకు ఆపాలి, ఇరుసు మోయాలి, స్టీరింగు తిప్పాలి. ఈ మూడు పనులకూ మూడు వేరువేరు బరువులు చూడాలి. బండ్లు బోల్తా పడేది వాటిని కలిపి ఒకే అంకె అనుకున్నప్పుడే.

మన దగ్గర కారు వెనక కారవాన్ అరుదు. కానీ ఒక బండి ఇంకో బండిని లాగడం చూడాలంటే నకిరేకల్ దగ్గర నిలబడితే చాలు. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరిని ఆనుకునే పోతుంది. వడ్ల కాలంలో కల్లాల నుంచి కొనుగోలు కేంద్రాలకు, పత్తి కాలంలో జిన్నింగు మిల్లులకు, నిమ్మకాయల మార్కెట్టుకు, ఇండ్లు కట్టే చోట్లకు ఇసుకతో, కంకరతో ట్రాక్టర్ ట్రాలీలు పోతూనే ఉంటాయి. రెండు చక్రాల ట్రాలీ, దాని ముందు ఇంజన్. ట్రాక్టరును ఇక్కడివాళ్లు ఇంజన్ అనే అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. యూరపు కారవాన్‌కూ మన ట్రాలీకీ ధరలో, సోకులో పోలిక లేదు గానీ, భౌతికశాస్త్రం దృష్టిలో రెండూ ఒకటే: నడిమధ్య ఒకే ఇరుసు, ముందు ఒక హుక్కు.

ఇలాంటి బండిలో బరువు ఇరుసుకు ఎటుపక్క పడాలన్న సంగతి ఎడ్లబండి కట్టినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బస్తాలు ఇరుసుకు ముందు ఎక్కువైతే ఆ భారం నొగ మీదుగా కాడి మీదికి, కాడి నుంచి ఎడ్ల మెడల మీదికి దిగుతుంది. వెనక ఎక్కువైతే నొగ పైకి లేస్తుంది, కాడి మెడ వదులుతుంది, గొంతు కింది తాడు బిగుస్తుంది. అందుకే బండి నింపేవాళ్లు ఒకటి రెండు బస్తాలు ముందుకూ వెనక్కూ జరిపి, నొగ చేత్తో లేపి చూసి, కాస్త ముందుకే మొగ్గుతోందని తేలాకే ఎడ్లను కట్టేవాళ్లు. ఇంగ్లండులో కారవాన్ యజమానులు చిన్న తూకపు పరికరం పెట్టి కొలిచే ముక్కు బరువు అంటే ఇదే. ఇనుప ట్రాలీలు వచ్చాక నొగ చేత్తో లేపడం కుదరదు కనుక ఆ అలవాటు పోయింది. దాని అవసరం మాత్రం పోలేదు.

బరువుల పేర్లు ఒక్కొక్కటిగా చూద్దాం. ధర్మకాంట చీటీ మీద మూడు అంకెలుంటాయి: గ్రాస్, టేర్, నెట్. నిండు బండి, ఖాళీ బండి, రెండింటి తేడా. ఇవి సరుకు ధర కట్టడానికి పుట్టిన లెక్కలు. వడ్లు ఎన్ని క్వింటాళ్లో చెబుతాయి, ఆ బండి అంత మోయొచ్చా లేదా అన్నది చెప్పవు. అది చెప్పేది ఆర్సీ. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఖాళీ బరువు అంటే బండి, దానితో మామూలుగా వాడే సామగ్రి కలిపిన బరువు. డ్రైవరు, సహాయకుడు అందులో ఉండరు. యూరపు కార్ల పుస్తకాల్లో రాసే సిద్ధ బరువులోనైతే 75 కిలోల డ్రైవరును కూడా కలిపేస్తారు. అందుకే రెండు చోట్ల కాగితాలు పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం.

ఆ తర్వాతిది జీవీడబ్ల్యూ, అంటే బండికీ సరుకుకూ కలిపి రిజిస్ట్రేషన్ అధికారి అనుమతించిన మొత్తం బరువు. ఇది కొలిచిన బరువు కాదని గుర్తుంచుకోవాలి, ఇది ఒక హద్దు. ఈ హద్దులోంచి ఖాళీ బరువు తీసేస్తే మిగిలేదే మోయగల సరుకు. ట్రాలీకి రిజిస్ట్రేషన్ వేరు, నంబరు వేరు, హద్దూ వేరు. ఇంజన్ ఆర్సీ చూసి ట్రాలీలో ఎంత పోయొచ్చో తేల్చలేం.

చట్టం తానే ఒకచోట ఒక బరువును, మరోచోట మరో బరువును వాడుతుంది. తేలిక మోటారు వాహనం అంటే 7,500 కిలోలకు మించనిది అని నిర్వచనం. ఏ 7,500? సరుకులు మోసే బండికైతే జీవీడబ్ల్యూ, కారుకూ ట్రాక్టరుకూ ఖాళీ బరువు. తేలిక వాహనం లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపొచ్చా అనే వివాదం ఏళ్ల తరబడి నడిచి, 2024 నవంబరులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం నడపొచ్చని తేల్చింది. ప్రమాదంలో దెబ్బతిన్న ఎన్నో కుటుంబాలకు బీమా డబ్బు రావడం ఆ అంకెకు అర్థం ఏమిటన్న దాని మీద ఆధారపడింది. బరువుల పేర్లు సరిగా తెలుసుకోవడం చదువుకున్నవాళ్ల చాదస్తం అనుకునేవాళ్లకు ఈ కేసు ఒక్కటి చూపిస్తే చాలు.

ఇప్పుడు ట్రాలీలో సరుకు పోద్దాం. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉన్న ట్రాలీ 120 ఘనపుటడుగులు పడుతుంది, అంటే దాదాపు 3.4 ఘనపు మీటర్లు. వడ్లు ఘనపు మీటరుకు 580 కిలోలు తూగుతాయనుకుంటే, అంచు దాకా నింపినా రెండు టన్నులే, 40 కిలోల బస్తాలు యాభై. అదే ట్రాలీ పొడి ఇసుకతో నింపితే అయిదున్నర టన్నులు. వాగులోంచి అప్పుడే తీసిన తడి ఇసుకైతే ఆరున్నర దరిదాపు. కళ్లకు కనిపించేది ఒకే నిండుదనం, ఇరుసు మీద పడేది మూడు రెట్ల తేడా. ట్రాలీ లెక్కన ఇసుక అమ్మే చోట బరువు ఎవరూ అడగరు. అదే నాకు ఎక్కువ భయం కలిగించే విషయం. పత్తిది ఇంకో తీరు. తూకం తక్కువే గానీ ఎత్తు పెరుగుతుంది, గురుత్వకేంద్రం పైకి పోతుంది, రోడ్డు అంచు దిగిన ఒక చక్రం చాలు ట్రాలీ ఒరగడానికి.

లెక్క కోసం ఒక జత తీసుకుందాం. ఇంజన్ రెండు టన్నులు. నలభై అయిదు, యాభై హెచ్‌పీ ట్రాక్టర్లు సుమారు అంతే ఉంటాయి. అందులో 800 కిలోలు ముందు చక్రాల మీద, 1,200 వెనక చక్రాల మీద. ట్రాలీ ఖాళీగా ఒకటిన్నర టన్ను, అందులో అయిదు టన్నుల ఇసుక, కలిపి 6.5 టన్నులు. ఇరుసుకూ హుక్కుకూ మధ్య మూడు మీటర్లు. ఇసుకా ట్రాలీ కలిపిన గురుత్వకేంద్రం ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందుందనుకుంటే, హుక్కు మీద దిగే బరువు మొత్తంలో పదో వంతు, 650 కిలోలు.

ఆ 650 కిలోలు ఇంజన్ వెనక చక్రాల మీద నేరుగా పడవు. హుక్కు వెనక ఇరుసుకు ఇంకా వెనక, సుమారు 70 సెంటీమీటర్ల దూరంలో ఉంది. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు రెండు మీటర్లు. కాబట్టి వెనక ఇరుసు మీద ఇంజన్ కొంచెం వెనక్కి వాలుతుంది, ముందు చక్రాల మీద నుంచి 230 కిలోల భారం లేచిపోతుంది. 800 ఉన్న చోట 570 మిగిలింది. వెనక 1,200 ఉన్న చోట దాదాపు 2,080 అయింది. కాలువ గట్టు ఎక్కాల్సి వచ్చిందనుకోండి, పది మీటర్లకు ఒక మీటరు ఎత్తు. వాలు వల్లా, హుక్కు వెనక్కి గుంజడం వల్లా ముందు చక్రాల మీద మిగిలేది 400 కిలోల లోపే. ఇదే అయిదు టన్నుల ఇసుకను ట్రాలీ ముందు గోడకు ఆనించి పోస్తే, గురుత్వకేంద్రం ఇరుసుకు 60 సెంటీమీటర్లు ముందుకు జరిగితే, చదును రోడ్డు మీదే ముందు చక్రాల మీద 345 కిలోలు మిగులుతాయి. గట్టు ఎక్కేటప్పుడు 170 దరిదాపు. అప్పుడు క్లచ్చు ఒక్కసారిగా వదిలితే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. ఇంజన్ వెనక్కి తిరగబడితే డ్రైవరుకు దూకేంత సమయం కూడా ఉండదు. తయారీదారులు చెప్పే మామూలు సూత్రం ఒకటుంది: ముందు ఇరుసు మీద ట్రాక్టర్ బరువులో అయిదో వంతుకు తగ్గకూడదు. మన ఇంజన్‌కు అది 400 కిలోలు. ముందు ఇనుప దిమ్మలు తగిలించడం అందుకే.

మరి అంత ఇబ్బంది ఎందుకు, ఇసుకను వెనక్కి జరిపితే పోలేదా అనిపిస్తుంది. గురుత్వకేంద్రం ఇరుసుకు 20 సెంటీమీటర్లు వెనక్కి పోతే హుక్కు మీద బరువు సున్నా కంటే తక్కువకు పోతుంది, ట్రాలీ 430 కిలోల బలంతో హుక్కును పైకి లేపుతుంది. ఇంజన్ వెనక చక్రాల పట్టు సడలుతుంది. బ్రేకులు ఉన్నది ఆ చక్రాలకే.

ఇక ఆపడం. మన దగ్గరి మామూలు ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే, ట్రాలీకి చాలాసార్లు అసలే ఉండవు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, పొడి తారు రోడ్డు మీద, ఖాళీ ఇంజన్ ఒక్కటే పోతుంటే బ్రేకు పట్టినప్పటి నుంచి 12 మీటర్లలో ఆగుతుంది. మన ఇసుక ట్రాలీ తగిలిస్తే? హుక్కు మీద దిగిన బరువు వెనక చక్రాల పట్టును పెంచుతుంది, అది మంచిదే. కానీ ఆ రెండు చక్రాలు ఇప్పుడు రెండు టన్నులను కాక ఎనిమిదిన్నర టన్నులను ఆపాలి. లెక్క కడితే 23, 24 మీటర్లు వస్తుంది. నూటికి అయిదు వాలు దిగుతుంటే 35 మీటర్ల దాకా. బ్రేకు పట్టాలని తోచి కాలు కదిలే లోపు పోయే ఎనిమిది మీటర్లు ఇందులో చేర్చలేదు. బురద తగిలిన రోడ్డయితే పట్టు సగానికి పడిపోతుంది, దూరం రెట్టింపు దాటుతుంది. ఇవన్నీ బండి తిన్నగా నిలిచినప్పటి అంకెలు. మలుపులో బ్రేకు పడితే వెనక ఆరున్నర టన్నులు ముందున్న రెండు టన్నులను పక్కకు నెడతాయి, హుక్కు దగ్గర రెండూ కత్తెరలా ముడుచుకుంటాయి. అప్పుడు ఇంజన్ ఎన్ని హెచ్‌పీ అన్నది ఎందుకూ పనికిరాదు.

ట్రాలీలో మనుషులు ఎక్కితే ఆ బరువుకు ఇంకో గుణం తోడవుతుంది: అది కదులుతుంది. ముప్పై మంది కూలీలు కలిపి ఒకటిన్నర టన్నుకు మించరు, ఇసుకతో పోలిస్తే తక్కువే. కానీ నిలబడితే గురుత్వకేంద్రం పైకి పోతుంది, మలుపులో అందరూ ఒకే పక్కకు ఒరుగుతారు. సరుకు ట్రాలీని మనుషుల కోసం తయారు చేయలేదు, పట్టుకోవడానికీ ఏమీ ఉండదు. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా పీఏపల్లి మండలంలో కూలీలతో పోతున్న ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాలువలో పడి తొమ్మిది మంది చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి జిల్లా వలిగొండ మండలంలో ట్రాలీ మూసీ కాలువలో పడి పదిహేను మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది పొలం పనికి పోతున్న ఆడవాళ్లు. రెండు ప్రమాదాలకూ బరువే కారణమని అనడం లేదు. కాలువ గట్టు మీద, మనుషులతో నిండిన ట్రాలీతో నడవడం ఎంత సన్నని దారిలో నడవడమో ఈ అధ్యాయంలోని అంకెలు చెబుతాయి. ఆ అమ్మలకు బస్సో ఆటోవో దొరికే ఏర్పాటు చేయడం ఊళ్ల బాధ్యత, ప్రభుత్వ బాధ్యత.

ఇరుసు బరువు గురించి రోడ్డును కూడా అడగాలి. చట్టం దృష్టిలో ఇరుసు బరువంటే ఒక ఇరుసు చక్రాలన్నీ కలిసి నేల మీద మోపే భారం. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, ఒట్టావా ఊరి దగ్గర, ప్రత్యేకంగా వేసిన రోడ్ల మీద లారీలను పగలూ రాత్రీ తిప్పి చేసిన ప్రయోగం ఒక సూత్రాన్ని ఇచ్చింది: రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు బరువు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. బరువు రెట్టింపైతే నష్టం పదహారు రెట్లు. 2018 జూలైలో మన కేంద్ర ప్రభుత్వం నాలుగు టైర్లున్న ఒంటి ఇరుసు హద్దును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. పెంపు 13 శాతం లోపే, నాలుగో ఘాతం లెక్కన రోడ్డు మీద పడే దెబ్బ మాత్రం ఒకటిన్నర రెట్లకు పైమాటే. మన ట్రాలీ ఇరుసు మీద 5.85 టన్నులుంటే, తడి ఇసుక పేర్చి దాన్ని ఎనిమిదికి తెస్తే, ఊరి రోడ్డుకు జరిగే నష్టం మూడున్నర రెట్లు. పల్లె రోడ్లు రెండేళ్లకే ఎందుకు పగులుతాయో కాంట్రాక్టరును అడగాల్సిందే, ఇరుసును కూడా అడగాలి.

ఇప్పుడు కారవాన్ దగ్గరికి పోదాం. అక్కడ వేగం గంటకు వంద కిలోమీటర్ల దగ్గర ఉంటుంది, బండిలోని శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. మన ట్రాలీ ఇంజన్‌కు మూడింతల పైన బరువున్నా ముప్పై వేగంతో నడుస్తుంది. వందలో అలాంటి జతను ఊహించలేం. ఆ వేగంలో కొత్త ప్రమాదం పుడుతుంది: గాలి తోపుకో, లారీ దాటిపోయినప్పుడో కారవాన్ తోక అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. తక్కువ వేగంలో ఆ ఊపు దానంతటదే చచ్చిపోతుంది. ఒక హద్దు దాటాక ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది. ఆ హద్దు ఎక్కడుందో నిర్ణయించేది బరువు అమరిక: హుక్కు మీద చాలినంత భారం ఉందా, బరువైన సామాను ఇరుసు దగ్గర ఉందా, రెండు చివర్లలో ఉందా. అందుకే ఇంగ్లండులో కారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం హుక్కు మీద దించమంటారు. అమెరికాలో ట్రైలర్లకు 10 నుంచి 15 శాతం చెబుతారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంగ్లండులో ఇంకో సలహా: నింపిన కారవాన్ బరువు కారు సిద్ధ బరువులో 85 శాతం దాటకపోతే మంచిది. ఇది చట్టం కాదు, అనుభవం.

అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం ఒకటి ఎదుర్కొనే లెక్క ఊహించి చూద్దాం. కారు సిద్ధ బరువు 1,800, జీవీడబ్ల్యూ 2,400, లాగే హద్దు 2,000, కారు, కారవాన్ కలిపిన హద్దు 4,000 కిలోలు. ఈ చివరిదే జీసీడబ్ల్యూ, చాలామంది చూడని అంకె. కారులో మనుషులు, సూట్‌కేసులు, బియ్యం సంచి, ఆవకాయ జాడీలు కలిపి 480 కిలోలు ఎక్కాయి. కారు 2,280 అయింది. 4,000లో అది తీసేస్తే కారవాన్‌కు మిగిలేది 1,720, రెండు వేలు కాదు. అందులో ఆరు శాతం, 103 కిలోలు, హుక్కు మీద దిగి కారు ఖాతాలో చేరుతుంది: 2,383. జీవీడబ్ల్యూకు ఇంకా 17 కిలోల సందు. అంటే ఇంకో మనిషిని ఎక్కించుకునే వీలు లేదు. 85 శాతం సలహా పాటిస్తే కారవాన్ 1,530 దగ్గరే ఆగాలి. కారవాన్‌లో నీళ్ల ట్యాంకు నింపితే లీటరుకు ఒక కిలో, మన ఇంటి గ్యాసు సిలిండరంత బరువైనది ఒకటి పెడితే ఇనుముతో కలిపి దాదాపు ముప్పై. అమెరికాలో డ్రైవరు తలుపు దగ్గర అతికించిన పసుపు అంచు చీటీలో మనుషులూ సామానూ కలిపి ఎంత దాటకూడదో రాసి ఉంటుంది. టైరు పక్కగోడ మీద కూడా ఉంటుంది: 91 అని ఉంటే ఆ టైరు 615 కిలోల కంటే ఎక్కువ మోయకూడదు.

మళ్లీ నకిరేకల్‌కు వద్దాం. హుక్కు మీద దిగే బరువు కొలవడానికి కొత్త యంత్రం కొననక్కర్లేదు, ఏ ధర్మకాంట అయినా సరిపోతుంది. ముందు ఇంజన్ ఒక్కదాన్నే తూచాలి. తర్వాత ఇంజన్, నింపిన ట్రాలీ రెండూ కలిపి తూచాలి. తేడా ట్రాలీ మొత్తం బరువు, మన లెక్కలో 6.5 టన్నులు. ఆపైన ఇంజన్‌ను ప్లాట్‌ఫారం దిగేదాకా ముందుకు పోనిచ్చి, ట్రాలీ చక్రాలు మాత్రమే దాని మీద ఉండగా మూడోసారి తూచాలి. హుక్కు మాత్రం తగిలే ఉండాలి, నేల రెండు వైపులా ఒకే మట్టంలో ఉండాలి. 5.85 టన్నులు చూపిస్తే మిగిలిన 650 కిలోలు హుక్కు మీద ఉన్నట్టు. నాలుగో తూకం ఎవరూ వేయరు, అసలు అవసరమైంది అదే: ట్రాలీ తగిలించి, ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫారం మీద పెట్టడం. రెండు టన్నుల ఇంజన్‌కు అది 400 కిలోల కంటే తక్కువ చూపిస్తే, గట్టు ఎక్కడానికి ముందే ఇసుక కొంత దించాలి, లేదా పారతో ఇరుసు వైపు లాగాలి.